నూకరత్నం వేసిన టాకా

నాకు పక్షవాతం వచ్చి నాలుగేళ్ళు కావస్తోంది. ఇప్పుడు కర్ర పట్టుకుని కొట్టుకి నడిచి వెళ్తున్నాను. మాట ముద్దగానైనా వస్తోంది. కుడిచెయ్యి అలంకారానికి ఉంది, పనికి ఎడమచెయ్యి ఉంది. ఇది ఆ ఎడమచేతి రాత. సిరాలో పడిన చీమ కాగితం మీద పాకినట్టుందని మా ఆవిడ రాజ్యం అంటుంది.

జబ్బు గురించి రాయాలని నాకేం సరదా లేదు. కానీ మొన్నొకాయన చొక్కాగుడ్డ కోసం కొట్టుకొచ్చాడు. మా అబ్బాయి శీను గుడ్డ కోస్తుంటే కబుర్లలో పడి, మంచాన ఉన్న వాళ్ళ నాన్నగారికి ఒక మనిషిని పెట్టామని చెప్పాడు. "చాలా నమ్మకస్తుడండి. ఇంట్లో గుండుసూది కూడా ముట్టుకోడు," అన్నాడు. ఆ మాటకి నా చేతిలోని మీటరు బద్ద జారి కింద పడింది.

ఆయనకి నేనేం చెప్పానో తర్వాత రాస్తాను. అచ్చం అదే మాట మా ఇంట్లో మేం అన్నప్పుడు ఏం జరిగిందో ముందు చెప్పాలి.

1999, ఆషాఢం

మాది రామచంద్రపురంలో బట్టల కొట్టు. మా నాన్నది కిరాణా, మేనమామది ఇత్తడి సామాను, బాబాయిది గాజుల కొట్టు. మా ఇంట్లో పిల్లలు అన్నం తినడం కూడా బేరమే. అమ్మ నాలుగు ముద్దలనేది, నేను రెండనేవాణ్ణి, మూడు దగ్గర తెగేది. మనిషి గుమ్మం ఎక్కుతుంటేనే చెప్పుల్ని చూసి ఎంతవరకూ పెడతాడో చెప్పగలనని నా గర్వం. ఏ గుడ్డ విప్పినా నా నోటివెంట ముందుగా వచ్చే మాట, "మంచి రకమండి." పాతికేళ్ళలో ఎన్ని వేలసార్లు అన్నానో. నిజంగా మంచి రకమైనప్పుడు కూడా కొన్నిసార్లు అన్నాను.

ఇంకో మాట కూడా ఉండేది. రంగు దిగిన దుప్పటి పట్టుకుని ఎవరైనా తిరిగొస్తే, "రకం మంచిదేనండి, ఉతకడంలో సోడా ఎక్కువ పడుంటుంది," అనేవాణ్ణి. మా చుట్టుపక్కల వీధుల్లో సగం ఇళ్ళకి బట్టలు ఉతికేది నూకరత్నం. మా ఇంటికీ ఆవిడే. నేను కొట్లో పరుపు మీద కూర్చుని అనే ఆ మాటకి ఆవిడ ఎన్ని గుమ్మాల్లో చివాట్లు తిందో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఒకసారి మా పెరట్లోనే అడిగేసింది.

"షావుకారుగారూ, ఆ నీలం దుప్పట్లు నీళ్ళకే పోయే రంగండి. నా మీద పెట్టకండి."

"రకాల గురించి నాకు చెప్తావా నువ్వు?" అన్నాను. పక్కనే ఉన్న రాజ్యం నవ్వింది. నూకరత్నం మూట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ ఆషాఢంలో తగ్గింపు ధరలు పెట్టాం. మండపేట నుంచి వచ్చిన ఒకావిడ ఒక పట్టుచీర దగ్గర గంటసేపటి నుంచి నన్ను పిండుతోంది. "ఇదే ఆఖరమ్మా, ఇంక నావల్ల కాదు," అంటూ చీర మడత పెట్టబోయాను. కుడిచెయ్యి చీరని వదిలేసింది. నేను వదల్లేదు, చెయ్యే వదిలేసింది. దాని వెనకే కాలు. పక్కకి ఒరిగిపోతుంటే ఆవిడ అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

"చాల్లెండి సంబడం! కాస్త తగ్గించమంటే పడిపోతారా ఏంటి?"

నా మూతి పక్కకి పోవడం చూశాక కేకపెట్టింది. కారు వచ్చేదాకా నా తల ఒళ్ళో పెట్టుకుని కొంగుతో విసురుతూ కూర్చున్నది కూడా ఆవిడేనట. ఆ చీర మాత్రం కొనలేదు.

రాజమండ్రి ఆస్పత్రిలో పద్దెనిమిది రోజులు ఉన్నాను. గుర్తున్నవి తక్కువ. ఫినాయిలు వాసన, తిరుగుతూ తిరుగుతూ ఒకచోట దగ్గినట్టు ఆగే ఫ్యాను, గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోయే రాజ్యం. ఏడోరోజో ఎనిమిదోరోజో నోరు తెరిచాను. "దాహం" అందామనుకున్నాను. "మంచి రకమండి" అని వచ్చింది.

శీను ఏడుస్తూ నవ్వాడు. నేను మళ్ళీ ప్రయత్నించాను. రాజ్యాన్ని పిలుద్దామంటే "మంచి రకమండి." నొప్పి అని చెబుదామంటే "మంచి రకమండి." మాటలుండే చోటు దెబ్బతింటే, బాగా అరిగిన మాట ఒక్కటే మిగిలిపోవడం కొందరికి జరుగుతుందని డాక్టరుగారు చెప్పారు. కొందరికి దేవుడి పేరు మిగులుతుందట, కొందరికి బూతు. నాకు సరుకు పొగడ్త మిగిలింది.

లోపల మాటలన్నీ ఉన్నాయి. గోడౌను నిండా సరుకుంది, తాళంచెవి పోయింది, బయట నించున్నవాళ్ళంతా గోడౌను ఖాళీ అనుకుంటున్నారు. అసలు భయం అదే. దాని ముందు చావు భయం చిన్నది.

శ్రావణం

ఇంటికి తెచ్చేసరికి పెళ్ళిళ్ళ రోజులు. బట్టల కొట్టుకి అదే పంట. శీనుకి అప్పటికి ఇరవై ఒకటి. ఎవరు గట్టిగా అడిగినా ఇచ్చేసే రకం. రాజ్యం కొట్లో కూర్చోక తప్పలేదు. నన్ను చూసుకోవడానికి ఒక మనిషి కావాల్సి వచ్చింది. ఎవరో చెప్పగా ప్రసాదు వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, నుదుట విభూది. చేతులు కడుక్కోకుండా మంచం దగ్గరికి వచ్చేవాడు కాదు.

"నాన్నగారిని నాకొదిలెయ్యండమ్మా. మీరు నిశ్చింతగా కొట్టు చూసుకోండి," అన్నాడు.

మనిషిని పరీక్షించడానికి మా కొట్ల వాళ్ళకి ఒక పద్ధతుంది. కొత్తగా పనిలో చేరినవాడి దారిలో ఏదో ఒక వస్తువు మర్చిపోయినట్టు వదిలేసి, ఏం చేస్తాడో చూస్తాం. రాజ్యం తన పగడపు ఉంగరం తీసి నా మంచం పక్క కిటికీలో పెట్టి వెళ్ళింది. మూడు రోజులు అది అక్కడే ఉంది. నాలుగోరోజు ప్రసాదే తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.

"కిటికీలో మర్చిపోయారమ్మా. బంగారం కదండి, జాగ్రత్త."

రాజ్యం పొంగిపోయింది. వీధంతా చెప్పింది. "గుండుసూది కూడా ముట్టుకోడు, ఏమనుకున్నారో!" ఆవిణ్ణి తప్పు పట్టను. నాకు నోరుంటే నేనూ అదే పరీక్ష పెట్టి, అలాగే చాటేవాణ్ణి. వస్తువు జోలికి పోనివాడు మనిషిని ఎలా ముట్టుకుంటాడో కూడా చూడాలని మాలో ఎవరికీ తోచలేదు. మా ఇళ్ళలో పోయేవి ఎప్పుడూ వస్తువులే.

ప్రసాదు ఏం చేసేవాడో పెద్దగా రాయను. నీళ్ళ గ్లాసు నాకు కనబడేచోట, చెయ్యి అందనిచోట పెట్టేవాడు. "తాగితే నాకు పని పెరుగుద్ది నాన్నగారూ," అనేవాడు. తడిసిన దుప్పటి మీదే, అది ఆరేదాకా నన్ను ఉంచేవాడు. రాజ్యం మధ్యాహ్నం అన్నానికి వచ్చేముందు ఒళ్ళంతా పౌడరు చల్లి దుప్పటి మార్చేవాడు. గది గుమ్మంలోకి రాగానే ఆ వాసనకి రాజ్యం మొహం విచ్చుకునేది. ఎడమచేత్తో మంచంకోడు మీద కొట్టి పిలుస్తున్నానని, ఆ చేతిని తువ్వాలుతో మంచానికి కట్టేసేవాడు. ఎవరూ చూడని చోట, చంకకింద, గిచ్చేవాడు. కోపంతో కాదు. బీరకాయ చెక్కు తీసేవాడి మొహంలో ఏముంటుందో, వాడి మొహంలో అంతే ఉండేది. రాజ్యం చెప్పుల చప్పుడు వినబడగానే కట్టు విప్పేసి, "నాన్నగారూ, అమ్మగారొచ్చారు, నవ్వండి," అనేవాడు.

రాజ్యం నా నుదుటి మీద చెయ్యివేసి అడిగేది. "బాగా చూసుకుంటున్నాడా?"

ఉన్న ప్రాణమంతా కూడగట్టుకుని చెప్పేవాణ్ణి. "మంచి రకమండి."

పాతికేళ్ళు నాసిరకాన్ని పొగిడిన నోరు. వాణ్ణి కూడా పొగిడింది.

భాద్రపదం

వినాయక చవితి వెళ్ళాక పరీక్షకి రాజమండ్రి తీసుకెళ్ళారు. వరండా బెంచీల నిండా జనం. నా పక్కన నరసాపురం నుంచి వచ్చిన ఒక ముసలావిడ, కళ్ళద్దాలు ముక్కు చివరికి జారిపోయి, లేసు అల్లుకుంటోంది. నా వంకర మూతిలోంచి సొంగ కారితే, ఎవరినీ పిలవకుండా తన చేతిరుమాలు తీసి అద్దింది. తుడవలేదు, అద్దింది. ఆ రెండింటికీ తేడా మంచాన పడినవాడికి బాగా తెలుస్తుంది.

అప్పుడే ప్రసాదు నా చొక్కా మెడ సర్దడానికి చెయ్యెత్తాడు. నా తల దానంతటదే పక్కకి తప్పుకుంది. ఆవిడ చేతిలో సూది ఆగింది. వాణ్ణి చూసింది, నన్ను చూసింది. "ఈయన తాలూకు ఆడవాళ్ళెవరైనా ఉన్నారా బాబూ?" అని అడిగింది. రాజ్యం చీటీ కోసం వరసలో ఉంది. ఇంతలో లోపలికి పిలిచారు.

"పెదాలు ఎండుతున్నాయే. నీళ్ళు బాగా పడుతున్నారా?" అన్నారు డాక్టరుగారు.

"పడుతూనే ఉన్నానండి. ఉమ్మేస్తున్నారండి," అన్నాడు ప్రసాదు, నా కుర్చీ వెనకాల నించుని.

"ఏమండీ షావుకారుగారూ, మనిషి బాగా చూసుకుంటున్నాడా?"

అందరూ నావైపు తిరిగారు. నేను చెప్పగలిగిందే చెప్పాను. డాక్టరుగారు నవ్వి ప్రసాదు భుజం తట్టారు. తిరిగొస్తూ వరండాలో ఆ లేసు ఆవిడ కోసం వెతికాను. బెంచీ మీద వేరే ఎవరో కూర్చున్నారు.

ఆ తర్వాత నేను మంచంకోడు మీద కొట్టడం కూడా మానేశాను. గోడవైపు మొహం పెట్టుకుని పడుకునేవాణ్ణి. "ఇదివరకటి కంటే నెమ్మదించారు," అంది రాజ్యం చూడవచ్చినవాళ్ళతో, సంతోషంగా.

నా గది కిటికీ పెరట్లోకి ఉంటుంది. రోజు విడిచి రోజు నూకరత్నం వచ్చి, ప్రసాదు అరుగు మీద పెట్టిన మైలబట్టల మూట తీసుకుని, ఉతికిన బట్టలు అక్కడ పెట్టి వెళ్ళేది. జబ్బు చేశాక ఆవిడ నన్ను ఒక్కసారి కూడా చూడలేదు. నా బట్టల్ని చూసింది. ఒకరోజు పొద్దున్న రాజ్యం కొట్టుకి బయల్దేరుతుంటే ఆవిడ గొంతు వినబడింది.

"అమ్మగారూ, షావుకారుగారికి దుప్పటి రోజుకెన్నిసార్లు మారుత్తున్నారండి?"

"మూడుసార్లు. ఏం, మూట బరువెక్కిందా?"

"బరువు మాట కాదండి. మూడిట్లో రెండిటి మీద మనిషి పడుకోలేదండి."

"పడుకోకుండానే నలిగాయా?"

"చేత్తో నలిపినయ్యండి. మనిషి పడుకుంటే నడుం కాడ, మడాల కాడ అడ్డంగా పడతాదండి ముడత. ఇయ్యి గుప్పెట్లో ముద్దచేసిన ముడతలండి. ఆ మూడోదానికి సూడండి, సారికలు ఒకదాని సుట్టూ ఒకటి. తడిసి ఆరి, మళ్ళీ తడిసి ఆరింది. ఒక్కపాలి తడిస్తే ఒక్క సారికే ఉంటాదండి."

పాతికేళ్ళు గుడ్డ అమ్మినవాణ్ణి, ముడతలో ఇంత ఉంటుందని నాకు తెలియదు.

"ఇంకోటండి. తువ్వాలు రెండు కొసలూ పలుపులా మెలిదిరిగున్నాయి. దేన్ని కడతన్నారండి దాంతో?"

రాజ్యం విసుక్కుంది. "నూకరత్నం, మా ఇంటి గుడ్డ మీద నీకెప్పుడూ ఏదో ఒక వంకే. రంగు దిగితే రకం మంచిది కాదంటావు. ఇప్పుడు ముడతలకి కూడా కథలు చెప్తున్నావు. వాడు ఎలాంటివాడో నేను పరీక్ష చేసి చూశాను."

నేను ఉన్న బలమంతా గొంతులోకి తెచ్చుకుని అరిచాను. 'ఆవిడ మాట విను రాజ్యం' అని. బయటికొచ్చింది మాత్రం, "మంచి రకమండి! మంచి రకమండి!"

"విన్నావా?" అంది రాజ్యం. "ఆయనే చెప్తున్నారు."

లోపల ప్రసాదు కిసుక్కున నవ్వాడు.

"సరేనండి," అంది నూకరత్నం. మూట ఎత్తుకున్న చప్పుడయింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆవిడ స్థానంలో నేనుంటే ఆ బేరం అక్కడే వదిలేసేవాణ్ణి. నా మాట వల్ల ఊళ్ళో మాటలు పడింది. ఇప్పుడు మా ఇంట్లోనే అబద్ధాలకోరు అనిపించుకుంది. ఇంకొక్క మాటంటే మా ఇంటి పని పోతుంది, మా మాట మీద మరో పదిళ్ళ పని పోతుంది. నన్ను కాపాడితే ఆవిడకి వచ్చే లాభం ఏదీ లేదు. నాకు తెలిసిన ఏ తక్కెడలో వేసినా ఆ పని చెయ్యకూడదనే తూగుతుంది.

ఆశ్వయుజం

దసరా ముందు రోజులు. కొట్టు కిటకిటలాడుతోంది. ఆ తర్వాత జరిగింది శీను చెప్పగా విన్నాను.

పొద్దున్న పదిన్నరకి నూకరత్నం కొట్లోకి వచ్చింది. కొనడానికి కాదు. నెత్తిమీద మూట దించి, చలవ చేసిన తెల్లగుడ్డ పరిచిన మా పరుపు మీద, పట్టుచీరల పక్కన, మా ఇంటి మైలబట్టల మూట విప్పింది. కూర్చున్న ఆడవాళ్ళు ముక్కులు మూసుకుని లేచారు.

"ఏంటే ఇది! మతిపోయిందా? కొట్లోనా?" అని రాజ్యం అరిచింది.

"ఇంటి కాడైతే మీరు ఇనరండి," అంది నూకరత్నం. "ఈడైతే గుడ్డ సేతికొస్తే సూడకుండా ఉండలేరు మీరు. సూడండి."

ఒక దుప్పటి రాజ్యం చేతిలో పెట్టింది. నలిగి, ఒకచోట జావ మరకతో, వాడి విడిచినట్టే ఉంది.

"విప్పండి."

రాజ్యం విప్పబోయింది. దుప్పటి తెరుచుకోలేదు. లోపలి మడతలో, రెండు మూలలూ కలిసేచోట, ఒక్క టాకా. తెల్లదారంతో వేసిన కుట్టు, చూస్తేగాని కనబడనంత చిన్నది.

"పదిరోజుల్నించీ మీ ఇంటికి పంపే ప్రతి దుప్పటికీ లోమడతలో అలా ఏత్తన్నానండి. పక్కెయ్యాలంటే అది తెగాలి. మొన్న తెచ్చిన ఆరిట్లో రెండు తెగినయ్యి. నాలుగు తెగలేదు. పైన నలిపి, మరకెట్టి మూటలో పారేత్తన్నాడు."

రాజ్యం రెండో దుప్పటి తీసింది. టాకా ఉంది. మూడోది తీసింది. ఉంది. నాలుగోది తీయలేదు. పాతికేళ్ళు గుడ్డ మధ్య బతికిన మనిషి. ఎవరు ఏం చెప్పినా బేరమాడుతుంది గానీ, చేతిలోని గుడ్డతో బేరమాడలేదు. మెలితిరిగిన తువ్వాలు తీసి భుజాన వేసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరింది. దసరా బేరం మధ్యలో మా కొట్టు యజమానురాలు వట్టికాళ్ళతో మెయిన్ రోడ్డు మీద వెళ్తుంటే, వెనక నూకరత్నం.

చెప్పులు లేవు కాబట్టి చప్పుడు లేదు. పెరటివైపు నుంచి వచ్చారు. ప్రసాదు ముందు గదిలో టీవీలో క్రికెట్ చూస్తున్నాడు. నేను కట్టేసిన చేత్తో, తడి దుప్పటి మీద, నీళ్ళ గ్లాసు వైపు చూస్తూ ఉన్నాను. రాజ్యం గుమ్మంలో ఎంతసేపు నించుందో తెలియదు. ఆవిడ మొహం చూడటం కంటే గోడని చూడటం తేలికనిపించింది.

అలికిడికి ప్రసాదు పరిగెత్తుకొచ్చాడు. "అమ్మగారా! ఇప్పుడే మారుద్దామనుకుంటున్నానండి. నాన్నగారు చేత్తో గుడ్డలు లాగేసుకుంటన్నారని, ఒక్క నిమిషం అలా..."

రాజ్యం నావైపు తిరిగింది. "నిజమేనా? మీరు చెప్పండి."

నాకు ఏడుపొచ్చింది. ఏం వస్తుందో తెలిసీ నోరు తెరిచాను. "మంచి రకమండి."

"చూశారా!" అన్నాడు వాడు.

"ఆయన్ని నోటితో అడక్కండమ్మా," అంది నూకరత్నం, గుమ్మం అవతల నుంచి. "ఆ సెయ్యి బాగానే ఉంది కదండి. సెయ్యినడగండి."

రాజ్యం వాళ్ళ నాన్నగారు కొబ్బరికాయల వ్యాపారి. పక్కవాళ్ళకి ధర తెలియకుండా, తువ్వాలు కప్పుకుని దాని కింద వేళ్ళు పట్టుకుని బేరాలు చేసేవారు. పట్టుకున్న వేళ్ళెన్నో అంత లెక్క. చిన్నప్పుడు ఆ బేరాలు చూస్తూ పెరిగిన రాజ్యానికి చప్పున ఏం తోచిందో, నా చేతి కట్టు విప్పి, మంచం మీద కూర్చుని, భుజాన ఉన్న తువ్వాలు మా ఇద్దరి చేతుల మీదా కప్పింది. తన వేళ్ళు నా చేతికిచ్చింది.

"దుప్పటి రోజుకి ఎన్నిసార్లు మారుస్తున్నాడు?"

ఒక వేలు పట్టుకున్నాను.

"నీళ్ళు ఎన్ని గ్లాసులిస్తున్నాడు?"

ఒక వేలు పట్టుకుని, సగానికి మడిచాను. ఆవిడ వేళ్ళు ఒక్కసారి చల్లబడ్డాయి.

"ఈ చెయ్యి ఎన్నాళ్ళ నుంచి కడుతున్నాడు?"

అయిదు వేళ్ళూ పట్టుకుని వదిలాను. మళ్ళీ పట్టుకున్నాను. మళ్ళీ. ముప్పై దగ్గర ఆవిడే నా చేతిని గట్టిగా పట్టుకుని ఆపేసింది. జీవితంలో ఎన్నో బేరాలు చేశాను. ఒక్క పైసా అబద్ధం లేకుండా చేసింది అదొక్కటే.

"నాన్నగారికి మతి స్థిమితం లేదండి, ఏవో వేళ్ళు పట్టుకుంటే..." అన్నాడు ప్రసాదు.

రాజ్యం తువ్వాలు తియ్యలేదు. వాడివైపు చూడలేదు కూడా. "ఆ ఉంగరం పట్టుకుపోయినా బాగుండేదయ్యా," అంది. "నడు."

వాడు వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు కూడా ఏదీ ముట్టుకోలేదు.

రాజ్యం చెంచాతో నీళ్ళు పోసింది. నేను ఉమ్మలేదు. నూకరత్నం అప్పటిదాకా మా ఇంటి పెరడు దాటి లోపలికి వచ్చిన మనిషి కాదు. అడక్కుండానే లోపలికొచ్చి, అరుగు మీది ఉతికిన దుప్పటి తీసి, టాకాని పంటితో తెంపి, ఒక్క విదిలింపుతో విప్పింది. ఇద్దరూ నన్ను అటు దొర్లించి ఇటు దొర్లించి పక్క వేశారు. ఆ గుడ్డ చల్లగా ఒంటికి తగిలినప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను. నేను అమ్మిన దుప్పటే. అంత బాగుంటుందని నాకు తెలియదు.

కార్తీకం, ఆ తర్వాత

ఇంట్లో కొన్నాళ్ళు ఎవరూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. "వాణ్ణి పెట్టింది నువ్వే కదమ్మా," అన్నాడు శీను ఒకసారి. రాజ్యం అన్నం ముందునుంచి లేచిపోయింది. సర్దిచెప్పాల్సినవాణ్ణి నేను. నా దగ్గరున్నది ఒకటే మాట, దాంతో ఎవరిని ఓదారుస్తాను? చివరికి రాజ్యం మధ్యాహ్నాలు కొట్టు మానేసి నా దగ్గర ఉంది. శీను నష్టపోతూ పోతూ బేరం నేర్చుకున్నాడు. పగడపు ఉంగరం రాజ్యం మళ్ళీ పెట్టుకోలేదు.

పరువు పోతుందని మేం ఎవరికీ చెప్పలేదు, ఫిర్యాదు చెయ్యలేదు. ఇది మా రెండో తప్పు, మొదటిదానికంటే పెద్దది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు శుభ్రంగా కడుక్కుని, వాడు మళ్ళీ ఇంకో మంచం దగ్గరికి వెళ్ళే ఉంటాడు. ఆ మంచం మీది మనిషి ఎవరో అని నాకు అప్పుడప్పుడూ మెలకువ వస్తుంది.

తిరిగొచ్చిన మొదటి కొత్త మాట "నీళ్ళు." తర్వాత "రాజ్యం." ఈ వరస గురించి రాజ్యం ఇప్పటికీ దెప్పుతుంది. నూకరత్నానికి ఎలా చెప్పాలో తెలియక, ఆవిడ పెరట్లోకి వచ్చిన ఒక పొద్దున్న కిటికీలోంచి చెయ్యెత్తి పిలిచాను. ఎంత పెనుగులాడినా పాత మాటే వచ్చింది. "మంచి రకమండి."

"తెల్సులెండి," అని మూట ఎత్తుకుంది.

నేను మళ్ళీ కొట్లో కూర్చోవడం మొదలుపెట్టిన ఏడాది, ఒకావిడ రంగు దిగిన నీలం దుప్పటి తెచ్చింది. "మా ఉతికే మనిషి సోడా దట్టంగా పోసిందా ఏంటండీ?" అంది. నా నోటికి పాత మాట సిద్ధంగా వచ్చి కూర్చుంది. దానికి తాళంచెవి అక్కర్లేదు. శీను కూడా నా కొడుకే కదా, "రకం మంచిదేనండి, ఉతకడంలో..." అని మొదలుపెట్టాడు. కర్రతో బల్ల మీద కొట్టాను. అందరూ నావైపు చూశారు. పెదాలు కదిపి, చెమటలు పట్టి, ఒక్కో మాటా తవ్వి తీశాను.

"రంగు... మాదేనమ్మా. తప్పు... మాదే."

దుప్పటి మార్చి ఇచ్చాం. శీను రెండు రోజులు మొహం మాడ్చుకుని తిరిగాడు. ఆ సాయంత్రం రంగు దిగిన దుప్పటి చూపించి ఈ సంగతి రాజ్యం చెప్తే నూకరత్నం పొగుడుతుందేమోనని కిటికీ దగ్గర చెవి పెట్టుకుని కూర్చున్నాను. ఆవిడ ఆ దుప్పటి అంచు వేళ్ళమధ్య రుద్ది చూసింది.

"ఈ నీలం ఇంకా అమ్ముతున్నారాండి?" అంది.

మర్నాడు ఆ నీలం దుప్పట్ల బేలు మొత్తం వెనక్కి పంపించాను.

ఇంక మొన్నటి పెద్దమనిషి. మీటరు బద్ద శీను తీసి ఇచ్చాక ఆయన్ని అడిగాను.

"మీ నాన్నగారి దుప్పట్లు ఎవరు ఉతుకుతున్నారండి?"

ఆయన తెల్లబోయాడు. "ఏమోనండి. ఎవరో ఉతుకుతారు. ఏం?"

"ఇంటికెళ్ళి, ముందు ఆ మనిషినడగండి. మంచం దగ్గరుండేవాణ్ణి బయటికి పంపించి, తర్వాత మీ నాన్నగారినడగండి. నోటితోనే అడగాలని లేదు." ఇంత మాట చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆయన ఆసాంతం విన్నాడు. ఇంట్లో పౌడరు ఎక్కువ వాడుతున్నారా అని కూడా అడిగాను. ఆయన మొహంలో రంగు మారింది.

తీసిన డబ్బు మళ్ళీ జేబులో పెట్టేసుకుని, మెట్లు దిగి స్కూటర్ ఎక్కాడు. కోసిన చొక్కాగుడ్డ బల్ల మీదే ఉండిపోయింది. "బేరం పోగొట్టారు నాన్నా," అన్నాడు శీను.

గుడ్డ మడతపెట్టి ఒక పక్కన ఉంచాను. ఇంకా రాలేదు ఆయన. వచ్చినప్పుడు ఇస్తాను.